పోలమ్మ నాలుక మీది ఉప్పు

గతవారం మనం శ్రీదుర్గని అవనిగడ్డలో డాక్టరమ్మ గది బయట, బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉండగా వదిలేసి వచ్చాం. ఆ కాళ్ళు చెప్పుల్లో పట్టనంతగా వాచిపోయాయని, ఎనిమిదో నెల కడుపుతో కుదుపుల బస్సులో వచ్చిందని, పక్కన అన్నయ్య చంద్రశేఖర్ ఉన్నాడని మీకు గుర్తుండే ఉంటుంది. మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం ఇంకో నాలుగు ముక్కలు చెప్పాలి. శ్రీదుర్గ మొగుడు శ్రీకృష్ణ ఆషాఢంలో సముద్రం మీదికి వేటకి వెళ్ళాడు. పడవ తిరగబడింది. తోడు వెళ్ళిన ఇద్దరి శవాలూ ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, శ్రీకృష్ణ మాత్రం రాలేదు. తండ్రి కాబోతున్నాడన్న సంగతి కూడా అతనికి తెలియదు. ఇప్పుడు మాఘమాసం నడుస్తోంది.

కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే నడిదిబ్బ అనే పల్లె వీళ్ళది. సముద్రం శవాన్ని ఇవ్వకపోతే మనిషి ఉన్నాడో పోయాడో ఆ ఊళ్ళో చెలమ చెబుతుంది. చెలమంటే పెద్ద బావి అనుకునేరు. ఇసుకదిబ్బ కింద మోకాలి లోతు గుంట, అంతే. అలల చప్పుడు వినబడేంత దగ్గర్లో ఉండి కూడా అందులో తియ్యటి నీళ్ళు ఊరుతాయి. సముద్రంలో పోయినవాడికి దాహం ఎక్కువట. వాడు తన ఊరి చెలమకే వచ్చి తాగుతాడట. వాడి నోటి ఉప్పు నీళ్ళలో కలుస్తుందట. చెలమ ఉప్పెక్కిందంటే మనిషి పోయినట్టే లెక్క. దినం చేస్తారు, భార్య చేతి గాజులు తీస్తారు, కొన్నాళ్ళకి నీళ్ళు మళ్ళీ తీపెక్కుతాయి. ఉప్పెన వచ్చినప్పుడు ఏడాది పొడుగునా చెలమ ఉప్పగానే ఉండిపోయింది. ఎందుకని ఆ ఊళ్ళో ఒక్కరూ అడగలేదు.

రోజూ పొద్దున్నే అందరికంటే ముందు ఆ నీళ్ళు రుచి చూసి మాట చెప్పే హక్కు ఒక్క ఇంటిదే. అది అత్త నుంచి కోడలికి వస్తుంది. ఉప్పెనలో అత్త పోయాక అది పోలమ్మకి వచ్చింది. ఆ పోలమ్మే శ్రీకృష్ణ తల్లి, సూరయ్య భార్య, శ్రీదుర్గకీ చంద్రశేఖర్‌కీ మేనత్త. ఆషాఢం నుంచి ఈరోజు దాకా ఆమె ఒక్క పూట కూడా తప్పకుండా చెలమ దగ్గరికి వెళ్ళి, దోసెడు నీళ్ళు తాగి, "తియ్యగానే ఉన్నాయి" అని చెబుతూనే ఉంది.

ఇక ఆ మధ్యాహ్నం సంగతికి వద్దాం.

చంద్రశేఖర్ చెల్లెల్ని తీసుకుని వచ్చేసరికి పోలమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. అతను శ్రీదుర్గని నులకమంచం మీద కూర్చోబెట్టి, కాళ్ళ కింద దిండు సర్ది, డాక్టరమ్మ చెప్పినదంతా మేనత్తకి అప్పజెప్పాడు. బీపీ బాగా పెరిగిపోయింది. ఇలాగే ఉంటే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ గండమే. ఉప్పు తగలకూడదు. వెంటనే బందరు తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో చూపించాలి, కాన్పయ్యేదాకా అక్కడే ఉంచాలి. కూరలో ఉప్పు వెయ్యడం ఎప్పుడో మానేశానని శ్రీదుర్గ ఎంత చెప్పినా డాక్టరమ్మ నమ్మలేదట. అందరూ ఇలాగే చెబుతారమ్మా అని నవ్వేసిందట.

బందరు తీసుకెళ్ళడానికి చంద్రశేఖర్ సిద్ధంగానే ఉన్నాడు. అతని ఇల్లు అక్కడే, అమ్మానాన్నా అక్కడే. రానంటున్నది శ్రీదుర్గ. అవనిగడ్డ నుంచి ఊరు చేరేదాకా అన్నయ్య బతిమాలుతూనే ఉన్నాడు, ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. చివరికి ఒకటే మాట చెప్పింది. అత్త నోటితో తియ్యగా ఉన్నాయన్నంత కాలం తన మొగుడు బతికే ఉన్నాడు. బతికుంటే ఈ ఇంటికే వస్తాడు. వచ్చేదాకా తను ఈ ఇల్లు విడిచి ఇంకోచోట ఉండదు, ఈ నీళ్ళు తప్ప వేరే నీళ్ళు తాగదు. కాలేజీలో వందమంది పిల్లల నోళ్ళు మూయించగల లెక్చరరు చంద్రశేఖర్ ఆ మాట మోసుకుని మేనత్త దగ్గరికి వచ్చాడు.

అతను ఆ మాటలు చెబుతుండగానే శ్రీదుర్గ లేచి వెళ్ళి అన్నయ్యకి కుండలోంచి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. చంద్రశేఖర్ ఎండన పడి వచ్చినవాడు, గటగటా తాగబోయాడు. మొదటి గుక్క నోట్లోనే ఆగిపోయింది. చెల్లెలి ముఖంలోకి చూశాడు. ఆమె తల తిప్పుకుంది. అతను కష్టం మీద మింగి, చెంబు పక్కన పెట్టాడు.

"అత్తా, ఈ నీళ్ళు ఎప్పట్నుంచీ ఇట్టా ఉన్నాయి?"

"ఎట్టా ఉన్నాయిరా?"

"ఉప్పగా."

పోలమ్మ చేతిలోని చేప చేతిలోనే ఉండిపోయింది. కార్తీకం నుంచి ఆ మాట ఆమె ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. నీళ్ళు ఉప్పగా తగిలిన మొదటి రోజున, కన్నీళ్ళు కారి నోట్లోకి పోయాయి కాబోలు అనుకుంది. మర్నాడు ముఖం తుడుచుకుని మరీ తాగింది. అప్పుడూ ఉప్పే. జ్వరం వచ్చి నోరు చెడిందేమో అనుకుంది. కానీ ఆమె తియ్యగా ఉన్నాయనగానే ఊళ్ళో ఆడవాళ్ళంతా బిందెలు ముంచుకుని వెళ్తున్నారు. ఒక్కరూ ముఖం చిట్లించడం లేదు. దానితో ఆమెకి గట్టి నమ్మకం కుదిరిపోయింది. ఉప్పు నీళ్ళలో లేదు, తన నాలుక మీద ఉంది. కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి తన నోరే అలా తయారైంది. ఆ నమ్మకం పట్టుకునే ఇన్నాళ్ళూ అన్నం తినగలిగింది.

"పట్నం నీళ్ళు అలవాటైపోయి నీకట్టా అనిపిస్తందిలే," అంది.

"తియ్యగానే ఉన్నాయన్నయ్యా," అంది శ్రీదుర్గ కూడా, నేల చూస్తూ.

చంద్రశేఖర్ చెల్లెల్ని లోపల పడుకోమని చెప్పి, మేనత్తని చెయ్యి పట్టుకుని చెలమ దగ్గరికి నడిపించుకుపోయాడు.

చంద్రశేఖర్ చెప్పేది భూగర్భశాస్త్రం. రాయన్నది పుట్టని ఈ బురదనేల మీద పుట్టి రాళ్ళూ గుహలూ ఎందుకు చదివావురా అని శ్రీకృష్ణ అతన్ని ఎప్పుడూ ఏడిపించేవాడు. పాఠం మొదలుపెడితే గంట కొట్టినా ఆపడని కాలేజీలో అతనికి పేరు. ఈ దిబ్బ మీద కూర్చుని ప్రపంచంలోని ఊటలన్నిటి గురించీ మేనత్తకి చాలాసార్లే చెప్పాడు. బహ్రెయిన్ దీవి దగ్గర సముద్రం అడుగున మంచినీళ్ళు ఊరేవట. ముత్యాల కోసం మునిగేవాళ్ళు తోలుసంచులు పట్టుకుని కిందికి దిగి, ఉప్పుసముద్రం కడుపులోంచి తియ్యటి నీళ్ళు నింపుకొచ్చేవారట. అది విని పోలమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే, అక్కడ ముందుగా రుచి చూసేది ఎవరని. అలాంటివాళ్ళు ఎవరూ ఉండరంటే జాలిపడింది.

శ్రీకృష్ణ కనబడకుండా పోయిన కొత్తల్లో అతను ఇంకో కథ చెప్పాడు. ఎక్కడో ఐరోపాలో ఒక నది కొండ గుహలోకి దూరి మాయమైపోతుందట. లోపల చీకట్లో ఎక్కడెక్కడ తిరుగుతుందో ఎవరికీ కనబడదు. కొండ అవతల, సముద్రం దగ్గర, వేరే పేరుతో మళ్ళీ పైకి వస్తుందట. మేనత్తని కాసేపు మరిపిద్దామని చెప్పాడు తప్ప అతని మనసులో ఇంకేమీ లేదు. పోలమ్మ మాత్రం దాన్ని వదల్లేదు. లోపలికి పోయిందల్లా పోయినట్టు కాదన్నమాట అని అప్పటినుంచీ తనలో తను అనుకుంటూనే ఉంది. ఏ సింహళానికో, ఏ బంగ్లాదేశానికో కొట్టుకుపోయి, అక్కడ వేరే పేరుతో బతుకుతున్నాడేమో అని ఆశపడుతూనే ఉంది.

ఆరోజు అతను చెప్పింది మెక్సికో సంగతి. అక్కడ ఒక చోట నేల మీద నదులే కనబడవు. సున్నపురాయి నేల కుంగిపోయి పెద్ద పెద్ద గుంటలు పడ్డాయి, మనుషులు వాటి మీదే బతికారు. వానదేవుడు అందులో ఉన్నాడని నమ్మి బంగారం వేశారు, ఒక్కోసారి మనుషుల్ని కూడా వేశారు. సముద్రం దగ్గరున్న గుంటల్లో పైన తియ్యటి నీళ్ళు, వాటి అడుగున ఉప్పునీళ్ళు. తేలికగా ఉండే మంచినీళ్ళు పాల మీద మీగడలా పైన తేలతాయి. మన చెలమా అంతే. దిబ్బ తాగిన వాననీరు కింద ఉప్పునీటి మీద తేలుతోంది. పైపైన ముంచుకున్నంత కాలం ఏ బాధా లేదు. కానీ ఇప్పుడు దిబ్బకి పడమటగా రొయ్యల చెరువులు వచ్చాయి. వాటి కోసం బోర్లు వేసి పగలూ రాత్రీ ఇంజన్లతో లాగుతున్నారు. మీగడ అయిపోయింది, అడుగునున్న ఉప్పు పైకి వచ్చింది.

"అందుకే ఉప్పగా ఉన్నాయత్తా. దీనికీ బావకీ ఏ సంబంధమూ లేదు," అన్నాడు చంద్రశేఖర్.

పోలమ్మ చెలమలోకి వంగి చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అయితే వాడొస్తాడా?"

"నీళ్ళ సంగతి నేను చెప్పగలనత్తా. బావ సంగతి చెప్పలేను."

మేనల్లుడు మంచి మనసుతోనే చెప్పాడు. కానీ ఆ మాటతో పోలమ్మకి చేతికర్ర జారిపోయినట్టయింది. ఉప్పు తన కొడుకు చావు సంగతి చెప్పడం లేదంటే, ఇన్నాళ్ళ తీపి కూడా అతను బతికున్న సంగతి చెప్పలేదన్నమాటే. ఆషాఢం నుంచి కార్తీకం దాకా నిజంగా తియ్యగా ఉన్న ఆ నీళ్ళని ఎన్ని పూటలు గుండెకి హత్తుకుని ఇంటికి తెచ్చుకుందో ఆమెకే తెలుసు. అవి వట్టి వాననీళ్ళంటే ఆ తల్లి ఎలా ఒప్పుకుంటుంది? ఒప్పుకోలేదు. చదువుకున్నవాళ్ళకి అన్నీ అలాగే కనిపిస్తాయని లేచి వచ్చేసింది.

దారిలో నాంచారమ్మ ఇల్లు. వరసకి ఆడబిడ్డ, వయసుకి జతది, ఊరంతటిలో అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. ఆమెని అడిగితే తేలిపోతుందనుకుని పోలమ్మ గుమ్మంలో కూలబడి దాహం అడిగింది. నాంచారమ్మ తడబడింది. ముందు పెద్ద కుండ వైపు నడిచింది, మళ్ళీ ఆగి, మూలనున్న చిన్న బిందెలోంచి గ్లాసు ముంచి తెచ్చింది.

పోలమ్మ తాగింది. నాలుక మీద ఉప్పు లేదు. కొంచెం మట్టి వాసన, కాలువ నీళ్ళ చప్పదనం, అంతే. తన నోరు బాగానే ఉందన్న సంగతి ఆమెకి ఆ గుక్కతో తెలిసిపోయింది. గ్లాసు గుమ్మంలోనే పెట్టేసింది.

ఇంకా ఒక ఆశ మిగిలింది. చెలమ నీళ్ళతో వండినదాంట్లో వీళ్ళు ఉప్పు వేసుకుంటున్నారంటే నీళ్ళు తియ్యగా ఉన్నట్టే. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. పోలమ్మ లేచి వెళ్ళి, పులుసులో ఉప్పు చాలిందో లేదో చూస్తానని గూట్లోని ఉప్పుజాడీ దించింది. నాంచారమ్మ వద్దంటూ చెయ్యి చాచేలోపే మూత తీసింది. లోపల చింతగింజలున్నాయి. పిల్లలు వామనగుంటలు ఆడుకునే గింజలు. జాడీ అడుగున చెమ్మ కూడా లేదు. ఆ నీళ్ళతో వండినదాంట్లో మళ్ళీ ఉప్పు వెయ్యక్కర్లేదు కాబట్టి ఆ ఇంట్లో ఉప్పుజాడీ పిల్లల ఆటవస్తువైపోయింది.

"అందరికీ తెలుసా?" అంది పోలమ్మ.

నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. తర్వాత ఒక్కొక్కటే బయటపెట్టింది. కార్తీకంలోనే అందరికీ తెలిసిపోయింది. పిల్లలకి మాత్రం కాలువ నీళ్ళు సైకిళ్ళ మీద తెచ్చుకుంటున్నారు. పెద్దవాళ్ళు చెలమ నీళ్ళతోనే వండుకుంటున్నారు, అవే తాగుతున్నారు. పొద్దున్నే పోలమ్మ ఎదుట బిందెలు నింపుకుని, ముఖాలు మామూలుగా పెట్టుకుని వెళ్తున్నారు. ఒక ముసలాయనకి కడుపులో మంట పట్టుకుని మంచమెక్కినా నీళ్ళ వల్లేనని ఆ ఇంట్లోవాళ్ళు నోరు జారలేదు.

"సూరయ్యన్న ఇంటింటికీ వచ్చి చెప్పాడు వదినా. మా ఇంటిది తనంతట తను చెప్పేదాకా మీరెవరూ చెప్పమాకండి అన్నాడు. ఎట్టా చెబుతాం, నువ్వు చెప్పు?"

ఊరంతా తన కోసం ఉప్పు తాగిందని తెలిసినప్పుడు పోలమ్మకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. సిగ్గేసింది. చింతగింజలు ఒక్కటి కూడా కింద పడకుండా జాడీకి మూత పెట్టి, గూట్లో యథాస్థానంలో ఉంచి, సముద్రం వైపు నడిచింది.

సూరయ్య ఒడ్డున కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. ఆమె మొగుడు ఎప్పుడూ మాటలమనిషి కాదు. కొడుకు పోయాక ఉన్న మాటలు కూడా పోయాయని ఊళ్ళో అనుకుంటారు. పోలమ్మ వచ్చి పక్కన కూర్చుని వల రెండో కొస పట్టుకుంది. సూరయ్యకి అర్థమైంది. చేతిలో పని ఆపలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అంది.

"నీకంటే ముందే. రోజూ నువ్వు లేవకముందు ఎల్లి తాగొచ్చేవాణ్ణి." వల కన్ను ఇంకోటి ముడేసి అన్నాడు. "ఉప్పెక్కిన రోజు నీ మాట కోసం చూశా. తియ్యగా ఉన్నాయన్నావు. సర్లే, నీకట్టా ఉంటే నాకూ అట్టాగే అనుకున్నా."

ఆరోజే అతను ఒక్కడూ సముద్రంలో తలస్నానం చేసి వచ్చాడట. పెళ్ళానికి తెలియకుండా, ఊరికి తెలియకుండా, కొడుకుని ఆ కెరటాల్లోనే వదులుకుని వచ్చి, ఇంట్లో కూర్చుని చద్దన్నం తిన్నాడట. పోలమ్మకి ఆ పొద్దు గుర్తుంది. తల తడిసిందేమిటని అడిగితే మంచు కురిసిందన్నాడు. ఇన్నాళ్ళూ ఒకే చాప మీద పడుకుని, ఒకరికొకరు తెలియకుండా, ఒకే కొడుకు కోసం ఇద్దరూ వేరువేరుగా ఏడ్చారు. అది తలుచుకుని అప్పుడు ఏడ్చింది పోలమ్మ. సూరయ్య ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు.

ఏడుపు తగ్గాక కోడలి సంగతి చెప్పింది. డాక్టరమ్మ మాట చెప్పింది. తను తియ్యగా ఉన్నాయన్నంత కాలం ఆ పిల్ల ఇల్లు విడిచి వెళ్ళదని చెప్పింది.

"ఏం చెయ్యమంటావు?"

"నీ నోరు, నీ ఇష్టం. నువ్వేం చెప్పినా నేను ఎదురు చెప్పను," అన్నాడు సూరయ్య. అని, వల కింద పెట్టేసి, ముఖం సముద్రం వైపు తిప్పుకున్నాడు.

పొద్దుగుంకేలోపు చంద్రశేఖర్ ఊరి పెద్దల దగ్గరికి కూడా వెళ్ళి వచ్చాడు. రొయ్యల చెరువుల సంగతి, బోర్ల సంగతి ఓపిగ్గా చెప్పాడు. వాళ్ళు శ్రద్ధగా విన్నారు, కుర్రాడు బాగా చదువుకున్నాడని మెచ్చుకున్నారు. చెరువుల వాళ్ళని నిలదీద్దామని కూడా అన్నారు. కానీ చెలమ మాట చెలమదే, అది పోలమ్మ చెప్పాలి అన్నారు. నువ్వే ఇంకోసారి చెల్లెలికి చెప్పి చూడమని మేనత్త అంటే, బందరు రమ్మని చంద్రశేఖర్ మళ్ళీ చెప్పాడు. శ్రీదుర్గ గోడ వైపు తిరిగి పడుకుంది.

పోలమ్మకి ఇక తప్పించుకునే దారి లేదు. తియ్యగా ఉన్నాయంటే ఈ పిల్ల ఆ నీళ్ళే తాగుతూ ఇక్కడే ఉంటుంది. కడుపులో ఉన్నది వాడి బిడ్డ. ఉప్పగా ఉన్నాయంటే ఇద్దరూ బతుకుతారు, కానీ తన నోటితో తను కొడుకుని చంపినట్టే. ఈ పిల్ల నుదుటి బొట్టు తన నోటితో తుడిచినట్టే. పోలమ్మ కోడలి వాచిన పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాస్తూ కూర్చుంది. వేలితో నొక్కితే నొక్కినచోట గుంట పడి, అలాగే ఉండిపోతోంది.

తెల్లవారింది. రోజూలాగే ఆడవాళ్ళంతా బిందెలతో చెలమ చుట్టూ చేరారు. చంద్రశేఖర్ దిబ్బ మీద నిలబడ్డాడు. సూరయ్య ఎన్నడూ రానివాడు ఆరోజు వచ్చి దూరంగా కూర్చున్నాడు. శ్రీదుర్గ రావద్దంటే వినలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, అడుగులో అడుగేసుకుంటూ వచ్చి అందరి వెనక నిలబడింది.

పోలమ్మ చెలమలో వంగి దోసెడు నీళ్ళు తీసుకుంది. తాగింది. లేచి నిలబడింది. ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది.

"ఉప్పగా ఉన్నాయి."

ఒక్కో బిందే ఇసుక మీదికి దిగింది. ఎవరూ గొంతెత్తలేదు. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నవాళ్ళు కదా, కళ్ళు మాత్రం తుడుచుకున్నారు. సూరయ్య మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. చంద్రశేఖర్ గబగబా కిందికి దిగి వచ్చి, ఇది చెరువుల వల్ల వచ్చిన ఉప్పని, బావ సంగతి ఎవరికీ తెలియదని చెప్పబోయాడు. వినే స్థితిలో అక్కడ ఎవరూ లేరు. నాంచారమ్మా, ఇంకో ఇద్దరు ముసలమ్మలూ అప్పటికే శ్రీదుర్గ వైపు నడుస్తున్నారు. ఆ మాట పుట్టిన చోటే భార్య చేతుల గాజులు తీయాలి. అది ఆ ఊరి ఆచారం.

శ్రీదుర్గ ఏడవలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఎర్ర గాజులు కనబడకుండా పైటకొంగులో చుట్టుకుంది. దగ్గరికొచ్చిన వాళ్ళని చూడలేదు. అత్తని ఒక్కదాన్నే చూసింది.

"రాత్రంతా నిద్దర్లేదు నీకు. నోరు చేదెక్కి ఉంటది," అంది. "ఇంకోసారి తాగి చూడత్తా."

నాంచారమ్మ ఆగిపోయింది. అందరూ పోలమ్మ వైపు తిరిగారు. పోలమ్మ మళ్ళీ చెలమలో వంగింది. నీళ్ళు నోట్లో పోసుకుని, కోడలి ముఖం చూస్తూ, మింగలేక, ఉమ్మలేక, అలాగే నిలబడిపోయింది.